రత్నం మంచం దగ్గర పడిన దెబ్బలు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మా ఇంట్లో వాటికి చోటే ఉండేది కాదు. "బతికున్నవాళ్ళతోనే వేగలేక చస్తుంటే, చచ్చినవాళ్ళు కూడానా?" అనేది మా అమ్మ కరుణమ్మ టీచరు. అలాంటి మనిషి గురించే ఈ సంగతి రాయాల్సి వచ్చినందుకు నాకే నవ్వొస్తోంది.

మాది గుంటూరు వైపు. నాన్నకి రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం కావడంతో లాలాగూడలో స్థిరపడ్డాం. అమ్మ బోయిగూడ దగ్గర ఒక మిషన్ బడిలో పాఠాలు చెప్పేది. పొద్దున ప్రార్థన కాగానే పిల్లలంతా చేతులు చాపాలి. గోళ్ళలో మట్టి కనిపిస్తే చెక్క స్కేలుతో వేళ్ళ కణుపుల మీద టక్‌మని ఒకటి పడేది. కన్నకూతురినని నాకు రాయితీ లేదు, పైగా ఒకటి ఎక్కువే పడేది.

అమ్మ పోయిన కొన్నాళ్ళకి బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. సైన్యంలో ఉన్న మా తమ్ముడు రత్నం కాలిలో బాంబు ముక్కలు దిగాయి. వాణ్ణి సికింద్రాబాద్ తీసుకొచ్చారు. ఆసుపత్రిలో మంచాలు చాలక కొందరిని ఒక బడి గదుల్లో పడుకోబెట్టారు. ఆ బడి అమ్మ బడే. పైగా రత్నానికి దొరికింది అమ్మ క్లాసే, నల్లబల్ల కింద మంచం. "చిన్నప్పుడు ఎగ్గొట్టిన బడంతా ఇప్పుడు కట్టించుకుంటున్నారక్కా" అని వాడు నవ్వాడు.

నవ్వే పరిస్థితి కాదు. గాయం మానడం లేదు, పచ్చటి చీము కారుతోంది. పెన్సిలిన్ ఇచ్చారు, ఇంకా పెద్ద మందులూ ఇచ్చారు, దేనికీ లొంగలేదు. అల్వాల్‌కి చెందిన కెప్టెన్ డాక్టరు నాకు విడమరిచి చెప్పాడు. "లడాయి షురూ అయినకాడి నుంచి అందరికీ ఇంజక్షన్లేనమ్మా. బలం లేని క్రిములు చచ్చినయ్, మొండివి మిగిలినయ్. అవే మంచం నుంచి మంచానికి తిరుగుతున్నయ్." సోమవారానికి తగ్గకపోతే కాలు తీసేయాలన్నాడు. లాలాగూడ ఫుట్‌బాల్ టీములో ఆ కాలికున్న పేరు నాకు తెలుసు. బయటికొచ్చి ఏడ్చాను.

గుమ్మం దగ్గర స్టాండు మీద ఎనామిల్ బేసిను, అందులో క్రిములు చంపే లోషన్ ఉండేవి. లోపలికొచ్చే ప్రతివాళ్ళూ అందులో చేతులు ముంచాలి. నేనూ ముంచి, వెళ్ళి రత్నం చేయి పట్టుకోబోయాను. కణుపుల మీద టక్‌మని పడింది. చుట్టూ చూస్తే ఎవరూ లేరు. వేళ్ళ మీద ఎర్రటి గీత మాత్రం తేలింది.

కాసేపటికి కట్టు మార్చబోయిన డాక్టరు చేయి వెనక్కి లాక్కుని, నేనేదో చేసినట్టు నావైపు కోపంగా చూశాడు. ఆ తర్వాత ఆయా యాదమ్మ ట్రే కింద పారేసింది. "ఓయమ్మో, ఎవలో కొట్టిన్రు! గీ మంచం కాడికి నేను రాను పో!" మిగతా మంచాల దగ్గర ఎవరికీ ఏమీ కాలేదు.

రత్నం మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు. "గోళ్ళు చూసుకో అక్కా, టీచరుగారు డ్యూటీలో ఉన్నారు."

వాణ్ణి కసిరాను. మధ్యాహ్నం ఇద్దరం కోడికూర అన్నం తిన్నాక, జిడ్డు పోవడానికి పిల్లల కుళాయి కింద సబ్బుతో చేతులు కడుక్కున్నాను. బేసిను సంగతి మరిచిపోయి తిన్నగా వాడి దగ్గరికి వెళ్ళాను. ఏమీ పడలేదు. అనుమానం వచ్చి, బేసినులో ముంచి వచ్చాను. టక్! మళ్ళీ సబ్బుతో కడుక్కుని వస్తే ఏమీ లేదు. మళ్ళీ లోషన్‌లో ముంచితే టక్!

డాక్టరుకి చెప్పాను. "పరేషాన్‌ల ఉన్నవమ్మా, జెర రెస్టు తీస్కో" అన్నాడు. కానీ ఆయన వేళ్ళూ మండుతున్నాయి కదా, తానూ చేసి చూశాడు. ఆయనకీ అంతే అయింది. తిన్నగా వెళ్ళి బేసినులోకి తొంగి చూశాడు. యుద్ధం రోజులు, లోషన్‌కి కరువు. పాతది పారబోయకుండా, తగ్గినప్పుడల్లా నీళ్ళు కలిపి నింపుతున్నారు. గాయాలు కడిగేదీ దాంతోనే. కాస్త సీసాలో పట్టి ల్యాబుకి పంపాడు. రత్నం గాయంలో ఉన్న మొండి క్రిమే, తనను చంపాల్సిన లోషన్‌లో హాయిగా కాపురం చేస్తోందని తేలింది.

బేసిను పోయి సబ్బు వచ్చింది. గాయాన్ని కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో కడగడం మొదలుపెట్టారు. చీము తగ్గుతూ వచ్చింది. సోమవారం వచ్చి వెళ్ళిపోయింది, మా రత్నం కాలు వాడికే ఉంది. తర్వాత వాడు కుంటుతూనే గోల్‌కీపరుగా దిగి సొంత లాలాగూడ టీముని చాలాసార్లు ఓడించాడు.

డాక్టరు అదంతా నరాల బలహీనత అన్నాడు. ముగ్గురి చేతుల మీదా ఒకే చోట గీతలు ఎలా పడ్డాయో మాత్రం చెప్పలేదు. నేనూ చెప్పలేను.

బేసిను తీసేశాక ఒక్క దెబ్బ కూడా పడలేదు. ఇంటికి పంపేసిన రోజు రత్నం బయట రిక్షా ఎక్కుతుంటే నేను వెనక్కి వెళ్ళాను. పూలకుండీలో మట్టి తీసి గోళ్ళకి పూసుకున్నాను. ఖాళీ మంచం మీదుగా చేతులు చాపి నిలబడ్డాను.

"ఏంది బిడ్డా, గట్ల నిలవడ్డవ్?" అంది యాదమ్మ.

నేను చేతులు దించలేదు. ఎంతసేపు నిలబడినా దెబ్బ పడలేదు. దెబ్బ కోసం అంతగా ఎదురుచూసిన పిల్ల ఆ బడి మొత్తంలో నేనొక్కదాన్నే.