కర్ర బయటనుంచి తిరిగొచ్చిన బంతి

మా చిన్నప్పుడు... కళ్ళంలో మిరపకాయలు ఆరబోశాక అన్నయ్య వాలీబాల్ ఆడుకోవడానికి చుట్టూ సన్నటి బాట మాత్రమే మిగిలేది. రెండు వాసాలకి నులకతాడు కట్టి అదే నెట్ అనేవాడు. నేను బంతిని అడ్డదిడ్డంగా విసరాలి. కాయల మీద కాలు పడకుండా చుట్టూ పరుగెత్తి తను దాన్ని వెనక్కి పంపాలి.

ఒక్క కాయ నలిగినా వసారాలోంచి నాన్న కేక వినపడేది...

అన్నయ్య పేరు సాంబశివరావు. వినుకొండలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. నేనేమో ఐదో తరగతి. ఆట రూల్సన్నీ నాకే చెప్పేవాడు కాబట్టి ఇంట్లో నాకు కాస్త గర్వంగానే ఉండేది.

నెట్‌కి రెండు చివర్లా ఎరుపు తెలుపు పట్టీల కర్రలుంటాయి, యాంటెనాలంటారు. మనవాళ్ళ చేతికి తగిలిన బంతి ఆ కర్ర బయటనుంచి అవతలి వైపు పోయినా ఆట అయిపోయినట్టు కాదట. వెనకాలే పరుగెత్తి తెచ్చుకోవచ్చు. వాళ్ళ కోర్టులో మాత్రం కాలు పెట్టకూడదు. బంతి మళ్ళీ అదే కర్ర బయటనుంచే రావాలి. తెచ్చుకోవడానికి వెళ్ళేవాణ్ణి అవతలివాళ్ళు అడ్డుకోకూడదు కూడా...

ఆ ఏడు నాన్న తేల్చి చెప్పేశారు. పరీక్షలవగానే ఆట మానేసి పొలం చూసుకోవాలన్నారు. యూనివర్సిటీ జట్టులోకి తీసుకుంటే అప్పుడు చూద్దామన్నారు గానీ, తీసుకోరని ఆయన ధీమా. ఆ జట్టుకి ఆటగాళ్ళని ఎంచుకునేది గుంటూరులో జరిగే కాలేజీల ఫైనల్లోనే.

ఫైనల్ రోజు పొద్దున్నే నాన్న ముందు అమ్మ కాఫీ గ్లాసు పెట్టి, "మీరు వాడి ఆట ఒక్కసారి కూడా చూళ్ళేదు. చూసొచ్చి అప్పుడు మానెయ్యమనండి" అంది.

నాన్న కండువా వేసుకుని, నీళ్ళ మరచెంబు నా చేతికిచ్చారు. ప్యాసింజర్లో వెళ్ళి నల్లపాడులో దిగి ఆటో ఎక్కాం...

మ్యాచ్ గుంటూరు కాలేజీతో, అదీ వాళ్ళ సొంత గ్రౌండులో. ఎటు చూసినా వాళ్ళ కుర్రాళ్ళే. వాళ్ళ కెప్టెన్ పేరు మస్తాన్. అతను ఎగిరి కొడితే బంతి కనపడేది కాదు, చప్పుడే వినపడేది. నాన్న మొదట్లో పక్కవాళ్ళతో మిరప తెగుళ్ళ గురించి మాట్లాడారు. కాసేపటికి ఆ మాటలు ఆగిపోయాయి...

చెరి రెండు సెట్లు గెలిచారు. ఆఖరి సెట్లో వాళ్ళకి ఇంకొక్క పాయింటు వస్తే చాలు.

వాళ్ళు సర్వీసు చేశారు. బంతి మా వాడొకడి చేతులకి తగిలి పక్కకి ఎగిరి, కర్ర బయటనుంచి వాళ్ళ వైపు పోయింది. గుంటూరు కుర్రాళ్ళు అప్పుడే గెంతులు మొదలెట్టారు.

అన్నయ్య ఆగలేదు. స్తంభం చుట్టూ తిరిగి పరుగెత్తాడు. నెట్ పక్కనే ఉన్న మస్తాన్ ఒక అడుగు వెనక్కి వేసి దారిచ్చాడు. అన్నయ్య గీత మీద కాలు పడకుండా అంచునే పోయి, ఇంకా జానెడు ఎత్తులో ఉన్న బంతి కింద రెండు చేతులూ పెట్టాడు. అది పోయిన దారినే, కర్ర బయటనుంచే మా వైపు తిరిగొచ్చింది. మా వాడొకడు అందుకుని అవతలి మూలకి నెట్టాడు. నేలమీద పడింది!

రిఫరీ మాత్రం గుంటూరు వైపు చెయ్యి చూపించారు. బంతి కర్ర లోపలినుంచి వచ్చిందని గీత దగ్గరున్నాయన జెండా ఊపారు మరి...

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. బయటనుంచే వచ్చింది నాన్నా అన్నాను. తనూ చూశానని చెప్పి ఆయన లేచి నిలబడ్డారు. కానీ మా ఇద్దరి మాట ఎవరు వింటారు?

అప్పుడు మస్తాన్, భుజాల మీదికి ఎత్తుకోబోతున్న స్నేహితుల్ని విడిపించుకుని రిఫరీ దగ్గరికి వెళ్ళాడు. "కర్ర బయటనుంచే వచ్చిందండీ. నేను పక్కనే ఉన్నాను" అన్నాడు.

రిఫరీ జెండా ఊపినాయన్ని పిలిచి మాట్లాడి, పాయింటు మాకిచ్చారు. గ్రౌండంతా గోల. మస్తాన్‌ని వాళ్ళ వాళ్ళే తిట్టిపోశారు. స్కోరు సమమైంది. తర్వాతి రెండు పాయింట్లూ మా వాళ్ళకే వచ్చాయి...

అందరూ అన్నయ్య చుట్టూ మూగితే నాన్న తిన్నగా మస్తాన్ దగ్గరికి నడిచారు. అతను కుళాయి దగ్గర ఒక్కడే మొహం కడుక్కుంటున్నాడు.

"నువ్వు నోరు మెదపకపోతే మీరే గెలిచేవాళ్ళు కదా అబ్బాయ్?"

"గెలిచేవాళ్ళమేనండీ" అన్నాడు మస్తాన్, మొహం తుడుచుకుంటూ. "కానీ అంత పరిగెత్తి తెచ్చుకున్నాడండీ... కాదని ఎట్టా అంటాను?"

నాన్న అతని భుజం మీద చెయ్యేశారు.

ఆ సాయంత్రం యూనివర్సిటీ జట్టులో అన్నయ్యదీ మస్తాన్‌దీ ఇద్దరి పేర్లూ చదివారు. అన్నయ్య కూడా మాతోనే రైల్లో తిరిగొచ్చాడు. వినుకొండ స్టేషన్లో దిగాక నాన్న, ప్రాక్టీసుకి పొద్దున్నే ఎన్ని గంటలకి లేపాలని అన్నయ్యని అడిగారు...

ఇప్పుడు అన్నయ్య ఒక స్కూల్లో ఆటల మాస్టారు. మస్తానన్న మిరప వ్యాపారం చేస్తున్నాడు. ఆదివారాలు ఇద్దరూ కలిసి నల్లపాడు దగ్గర ఒక ఖాళీ స్థలంలో పిల్లలకి వాలీబాల్ నేర్పుతారు. మొన్న నేనూ వెళ్ళాను. రెండు జడల పిల్లొకతి స్తంభం చుట్టూ పరుగెత్తి బంతి అందుకోబోయి బోర్లా పడింది. మోచేతులు దులుపుకుని లేచి, ఇంకోసారి వెయ్యమంది మస్తానన్నని!

చాలా కాలేజీల్లో ఒకప్పుడు గ్రౌండులున్న చోట ఇప్పుడు బస్సులు నిలబడుతున్నాయి. జనం గీతల దాకా వచ్చి కూర్చునే మ్యాచులు ఎక్కడోగానీ కనపడటం లేదు... అయినా ఆ పిల్ల మాత్రం వచ్చే ఆదివారం కూడా వస్తుంది.

మీరు గొంతు పోయేదాకా అరిచింది ఏ గ్రౌండులో... ఎవరి కోసం? ఆ పేరు కింద రాయండి. వాళ్ళూ చూస్తారేమో...