ఆరో ముద్ర

ఏడో తరగతి అంటే నాకు ఎంత ఇష్టమంటే, దాన్ని మూడేళ్లు చదివాను. నాలుగో ఏడు హెడ్మాస్టరే మా బాపును పిలిపించి, "వీన్ని ఇంక ఉంచుకుంటే బెంచి కూడా ఫెయిలైతది" అన్నాడట. అట్లా చదువుకు నా పీడ విరగడైంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, దయ్యాల్ని నమ్మాలన్నా కాస్త బుర్ర ఉండాలని నా అభిప్రాయం. నాకు ఆ సౌకర్యం లేదు. సమాధుల తోట పక్కనుంచి సైకిల్ మీద ఈల వేసుకుంటూ పోయినవాణ్ణి. "సామేలును చూస్తే దయ్యాలే లుంగీ ఎగ్గట్టి ఉరుకుతయి" అని మా వదిన నలుగురిలో అనేది. ఇది రాస్తున్నప్పుడు కూడా దయ్యాలున్నాయని నేను అనడం లేదు. జరిగింది వరుసగా చెబుతాను, అంతే. నా మాట ఎవరూ నమ్మరని తెలుసు. ఎందుకు నమ్మరో కూడా చెబుతాను.

నాది నిర్మల్‌లో ఫ్రేములు కట్టే దుకాణం. పెళ్లి ఫొటోలు, దేవుళ్లు, ప్రభువు, పోయినవాళ్లు, ఎవరు గోడెక్కాలన్నా నా చేతిమీదుగానే ఎక్కాలి. మా అన్న దానియేలు కొయ్యబొమ్మలు చెక్కేవాడు. వదిన రూతు బీడీలు చుడుతుంది. వాళ్లకు పిల్లల్లేరు. నాకు పెళ్లి కాలేదు. చూసిన అమ్మాయిలందరూ తెలివైనవాళ్లే.

కొన్నేళ్ల కింద, రిటైరైన డ్రాయింగ్ సారు ఒకాయన ఊళ్లో 'బొమ్మల నడక' మొదలుపెట్టాడు. ప్రతి నెలా మొదటి శనివారం, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా. ఆరు చోట్ల బొమ్మలు పెట్టేవాళ్లం. జనం ఒక్కో చోటూ చూసుకుంటూ నడిచి రావాలి. మొదటిది సారు ఇంటి ముందుగది, రెండోది ఒక టీచరమ్మ మేడమీద గది, మూడోది లచ్చవ్వ ఇంటి అరుగు. ఆమె పెనిమిటి పాతకాలపు బొమ్మలు చేసే మనిషి. నాలుగోది ఫొటో స్టూడియో. అయిదోది రాజన్న దుకాణం, నల్లటి పలకల మీద బంగారు రంగు బొమ్మలు వేస్తాడు. చివరిది నాది. సారు ఈ ఆరింటినీ గ్యాలరీలు అనేవాడు. నా దుకాణాన్ని ఆ మాట అన్న రోజు నేను రెండుసార్లు ఊడ్చాను.

సారు ఇంట్లో ఒక దళసరి కార్డు ఇస్తారు. దానిమీద ఆరు గడులు. ఒక్కో చోట ఒక్కో ముద్ర కొడతారు. ఆరూ నిండిన కార్డు నా దుకాణంలో ఉన్న పెట్టెలో వేస్తే, వేలెడంత కొయ్య చిలుక ఇచ్చేవాణ్ణి. ఆ పెట్టె మా చర్చిలో మూలకు పడేసిన పాత కానుకల పెట్టె. తాళం చెవి నా దగ్గరే ఉంటుంది.

ఆరు ముద్రలూ అన్నే చెక్కాడు. చేప, మామిడికాయ, జింక, ఏనుగు, నెమలి, ఎద్దు. మొదటి నడకనాడు ఎద్దుకు ఇంకా నునుపు పెడుతూ నా దుకాణంలోనే కూర్చుండిపోయాడు. తరువాతి నెలకు గల్ఫ్ వీసా వచ్చింది. పోయేముందు వదినతో అన్నాడు: "ఆరూ నేనే చెక్కిన గని ఒక్క కార్డు మీద ఆరూ కొట్టించుకోలే. వచ్చినంక ఇద్దరం నడుద్దాం. నా చిలుక పక్కకు పెట్టుర్రి."

"నీకు చిలుకెందుకే అన్నా, ఎద్దు ఉండంగ" అన్నాను నేను. వదిన నవ్వింది. అన్న ముందు వదిన నవ్వగా నేను చూసింది అదే ఆఖరు.

అక్కడ ఎడారిలో ఏదో తోటలో పని అన్నాడు. ఎనిమిది నెలలు శుక్రవారం శుక్రవారం ఫోన్ చేశాడు. తొమ్మిదో నెల ఒక శుక్రవారం చేయలేదు. ఆ తరువాత మరి ఏ శుక్రవారమూ చేయలేదు. పంపిన ఏజెంటు నంబరు మార్చుకున్నాడు. మేము అర్జీ ఇవ్వని చోటు లేదు.

అప్పుడు నేనొక పని చేశాను. వదిన అన్నం ముట్టడం లేదు. ఒక ఆదివారం, "వదినె, నువ్వు చర్చిల ఉన్నప్పుడు అన్న ఫోన్ చేసిండు. మంచిగున్నడట, ఫికర్ చెయ్యద్దన్నడు" అన్నాను. నాలుగు రోజులు తిన్నది. అయిదో రోజు నా ఫోన్ తీసుకుని మొత్తం చూసి, మళ్లీ నా చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి నేను నవ్విస్తే నవ్వుతుంది కానీ, చెబితే నమ్మదు.

రెండేళ్లు దాటాక మా పాస్టరు అయ్యగారు ఇంటికి వచ్చి, పోయినవాళ్ల పేరిట పెట్టే జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుందామా అని మెల్లగా అడిగాడు. వదిన, "మొఖం చూడలే, మన్ను వెయ్యలే. దేన్కి జ్ఞాపకం అయ్యగారూ?" అన్నది. ఆయన టీ తాగి వెళ్లిపోయాడు.

సరిగ్గా ఆ తరువాతి నడకనుంచే ఇది మొదలైంది.

ఆ రోజు నడక అయిపోయాక పెట్టె తెరిచి కార్డులు తీశాను. ఒకదాని మీద చేప ముద్ర ఒక్కటే ఉంది. మిగతా అయిదు గడులు ఖాళీ. మధ్యలో మానుకున్నవాళ్లు ఇంటికి పోతారు కానీ, నా దాకా వచ్చి ఒక్క ముద్ర కార్డు పెట్టెలో వేయరు. నాకంటే తెలివిమంతుడు ఒకడు పుట్టాడనుకుని పక్కన పడేశాను.

రెండో నెల చేప, మామిడికాయ ఉన్న కార్డు వచ్చింది. అప్పుడు చూశాను. కార్డు నిలువుగా రెండు మడతలు పెట్టి ఉంది. పట్టీలా సన్నగా, విల్లులా వంగి ఉంది. ఒక అంచు చెమటకు తడిసి ఎండినట్టు బిరుసుగా ఉంది. మొదటి కార్డు వెతికి తీశాను. అదీ అంతే.

మా అన్న బస్సెక్కితే టికెట్టును నిలువుగా మడిచి గడియారం పట్టీ కింద దూర్చేవాడు. దిగాక కూడా తీసేవాడు కాదు. ఆదివారం చర్చిలో కూడా చేతికి బోథ్ టికెట్టో ఖానాపూర్ టికెట్టో ఉండేది. ఆ టికెట్టు తీసి చూస్తే మణికట్టులాగే వంపు తిరిగి ఉండేది.

మూడో నెల చేప, మామిడికాయ, జింక. ఇక దాచలేకపోయాను. మూడూ తీసుకెళ్లి వదినకు ఇచ్చాను. ఆమె ఒకదాన్ని తన మణికట్టు మీద పెట్టి చూసుకుంది. కొంచెం వదులైంది. దాన్ని తీయకుండానే, "నీకు ఇదెందుకు సామేలూ?" అన్నది.

నేను కాదని ప్రమాణం చేశాను. నేను ప్రమాణం చేస్తే ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. కానీ ఆ కార్డులు పారేయలేదు. తన బైబిలులో పెట్టుకుంది.

మరునాడు లచ్చవ్వ దగ్గరికి పోయి, నిన్న ఎవరైనా కొత్తమనిషి వచ్చాడా అని అడిగాను. "అందరూ కొత్తోళ్లే గదరా" అని, మళ్లీ తనే గుర్తు చేసుకుంది. "ఒకాయన చెయ్యి చాపిండు, ముద్ర కొట్టిన. మొఖం చూడలే, మనుమరాలు ఏడుస్తుండె. చెయ్యి మాత్రం మోచేతి దాక దుబ్బ, సన్నటి ఇసుక. నీళ్లున్నయా అవ్వా అన్నడు. లోపల్కి పోయి గిలాసల తెచ్చేవరకు ఎవ్వరు లేరు."

"గొంతు ఎట్లున్నది అవ్వా?"

"నీళ్లు అడిగే గొంతు ఎట్లుంటదిరా, ఎండిపోయి ఉంటది" అన్నది.

నాలుగో నెలకు నేను ముందే సారు దగ్గరికి పోయి, ఇవ్వబోయే కార్డులన్నిటికీ వెనక పెన్సిలుతో నంబర్లు వేశాను. ఇరవై కార్డులు. ఆ సాయంత్రం సారు పదకొండు ఇచ్చాడు, తొమ్మిది మిగిలాయి. నా పెట్టెలో పన్నెండు కార్డులున్నాయి. పన్నెండోదానికి నంబరు లేదు. మడత ఉంది, వంపు ఉంది. చేప, మామిడికాయ, జింక, ఏనుగు.

అయిదో నెలకు నడక చివరికొచ్చింది. రాజన్న బంగారు రంగు డబ్బాలు చుట్టిపెట్టి, దుకాణం ఫోన్ కవర్లు అమ్మేవాళ్లకు ఇచ్చేశాడు. తన నెమలి ముద్ర తెచ్చి నాకు ఇస్తే నా సొరుగులో పెట్టి తాళం వేశాను. అందుకని ఆ నెల నడక అయిదు చోట్లకే. వచ్చింది నలుగురు. అందులో ఇద్దరు కుంటాల జలపాతం చూసి వస్తూ దారి తప్పినవాళ్లు. సారు నా దుకాణంలో స్టూలు మీద కూలబడి, "ఇగ చాలు సామేలూ. నేను పెద్దపల్లికి బిడ్డ దగ్గరికి పోతున్న. నలుగురి కోసం ఏం నడక?" అన్నాడు.

"ఒక్క నెల ఆగుర్రి సారూ."

"ఒక్క నెలల ఏమైతది?"

చెబితే జోకనుకునేవాడు.

ఆయన వెళ్లాక పెట్టె తెరిచాను. అయిదు కార్డులు. నాలుగు వచ్చినవాళ్లవి. అయిదోదాని మీద అయిదు ముద్రలు, చివరిది నెమలి. సొరుగు తాళం తీసి చూశాను. నెమలి ముద్ర పెట్టినచోటే ఉంది. వేలితో తాకితే సిరా తడి లేదు. ఇంకొక్క సంగతి చెప్పాలి. రాజన్న ఏడాది కిందే ఆ ముద్రను కింద పడేసుకున్నాడు. నెమలి తలమీది కుచ్చు విరిగిపోయింది. అప్పటినుంచి అందరి కార్డుల మీదా బోడి నెమలే పడింది; కోడిలా ఉందని నేనే ఎగతాళి చేసేవాణ్ణి. ఈ కార్డు మీద నెమలికి కుచ్చు ఉంది. మూడు ఈకలు, అన్న చెక్కినవి చెక్కినట్టే.

ఆ కార్డు వదినకు ఇచ్చాను. కుచ్చు చూసింది. దాన్ని కూడా బైబిలులో పెట్టుకుంది.

ఆ నెలలోనే ఖానాపూర్ మనిషి ఒకడు గల్ఫ్ నుంచి వచ్చాడని తెలిసి, ఇద్దరం పోయాం. అతను మా అన్న పనిచేసిన చోటికి దగ్గర్లో ఉండేవాడట. అతను మా ఇద్దరి ముఖాలూ చూడకుండా చెప్పాడు. "ఒకనాడు సాయంత్రం నడుచుకుంట ఎళ్లిపోయిండమ్మా. పాస్‌పోర్టు సేట్ దగ్గరనే ఉండె. పెద్ద రోడ్డు మస్తు దూరం. నడుమల తోటలుంటయి, ఒక్కొక్క తోటకాడ నీళ్లు అడుక్కుంట పోవాలె. కొన్ని తోటలకాడ చూసినోళ్లున్నరు. ఆఖరుకు రోడ్డుకు ఎక్కిండో లేదో ఎవ్వరికీ తెల్వది."

వదిన ఒక్కటే అడిగింది. "చేతికి గడియారం ఉండెనా తమ్మీ?"

"ఉండె అక్కా."

బస్సులో వస్తూ నేను ఒక్క జోకు కూడా వేయలేదు. కండక్టరు నాకు ఒంట్లో బాగాలేదనుకున్నాడు.

ఆరో నెల మొదటి శనివారం నడక లేదు. సారు ఇంటికి తాళం. స్టూడియోలో పెళ్లి ఆల్బం పని జరుగుతోంది. నేను మాత్రం అయిదింటికి దుకాణం ఊడ్చి, లైటు వేసి, సిరా గుడ్డ తడిపి, ఎద్దు ముద్ర చేతిలో పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి వదిన వచ్చింది. నేను పిలవలేదు. చెంబు నిండా నీళ్లు తెచ్చింది. తాళం చెవి ఆమె చేతిలో పెట్టాను. అన్న కోసం పక్కకు పెట్టిన చిలుకను తీసి బల్లమీద నిలబెట్టాను.

ఆమె రాజన్న దుకాణం దిక్కే చూస్తూ కూర్చుంది. అక్కడ ఫోన్ కవర్లు రంగురంగుల లైట్లలో మెరుస్తున్నాయి. ఎవరో ఒకాయన ఫ్రేము ధర అడిగి వెళ్లాడు. ఆయన మెట్లెక్కుతుంటే వదిన లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది.

ఎనిమిదైంది. ఎనిమిదిన్నరైంది. వదిన తనే పెట్టె తెరిచింది. ఖాళీ. చెయ్యి పెట్టి అడుగంతా తడిమింది. చెంబులో నీళ్లు నిండుగా అట్లాగే ఉన్నాయి. వాటిని పారబోయలేదు, తాగలేదు. మళ్లీ ఇంటికి మోసుకుపోయింది.

తరువాతి నెల కూడా కూర్చున్నాం. ఆ తరువాతి నెల కూడా. మరి కార్డు రాలేదు. నడకే లేనప్పుడు ఎవరు నడుస్తారు?

నాకు దీని లెక్క ఇప్పటికీ తెలియదు. నంబరు లేని కార్డు ఎక్కడిదో, విరిగిన కుచ్చు ఎట్లా అతుక్కుందో, లచ్చవ్వను నీళ్లడిగింది ఎవరో నాకు తెలియదు. ఆ ఆఖరి నెల సారును ఇంకొంచెం బతిమాలి ఉంటే ఏమయ్యేదో అసలే తెలియదు. రాత్రుళ్లు అదే గుర్తొస్తుంది.

ఈ మధ్య అయ్యగారు మళ్లీ వచ్చిపోయాడు. వదిన చిక్కి సగమైంది. ఇంకెన్నాళ్లు అట్లా రోడ్డు వంక చూస్తుంది అనిపించింది. ఈసారి అబద్ధమే మేలనుకున్నాను. ఆమె చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటే ఎదురుగా కూర్చుని, బాగా నవ్వుతూ చెప్పాను. "వదినె, ఇగ ఒప్పుకుంట. గా కార్డులన్నీ నేనే చేసిన. నువ్వు జర తింటవని చేసిన. అన్న లేడు. కూడిక పెడదాం."

ఆమె చేతిలో బీడీకి దారం చుట్టి, కొస తుంచి, చాటలో పెట్టింది. తల ఎత్తలేదు.

"నువ్వు చేసినవైతే, ఆరోది గూడ కొట్టేటోనివి సామేలూ" అన్నది.