సీటుకు ఆనించిన మోచేయి

షాపాయన నాకు సరిపడని సైకిల్ అంటగట్టాడని మా బ్రూక్‌ఫీల్డ్ సైకిల్ బృందంలో అందరికీ చెప్పాను. అది నిజం కాదు.

నంది కొండ నుంచి తిరిగి వస్తూ, నడుం నొప్పికి తాళలేక యలహంక స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నాను. ఇక సైకిల్ అమ్మేసి తొక్కడమే మానేద్దామనుకున్నాను. పక్కనున్న పెద్దాయన చిక్కపేటలో ముప్పై ఏళ్లు సైకిల్ మీద బట్టల మూటలు మోశాడట. నా చేయి పట్టుకుని, మోచేతిని నా సైకిల్ సీటు ముందు కొనకు ఆనించాడు. వేళ్లు హ్యాండిల్‌ను అందుకోలేదు.

“చేతికి బెత్తెడు తక్కువుండాది, నీకిది పెద్దది. ఇది ఎవురికి కొన్నావప్పా?”

“నాకే.”

“అంగడాయన చెప్పలేదా?”

“లేదు,” అన్నాను.

చెప్పాడు. మూడుసార్లు చెప్పాడు. మావాళ్లందరికీ అదే సైకిల్ ఉందని నేనే పట్టుబట్టాను.

“సైకిల్ మార్చప్పా, తొక్కేది మానొద్దు,” అని పెద్దాయన తన రైలెక్కాడు.

మరుసటి ఆదివారం ఆ షాపుకు వెళ్లి, షాపాయన ఏమీ అడగకముందే ఒక చిన్న సైకిల్ సీటుకు మోచేయి ఆనించాను. వేళ్లు హ్యాండిల్‌ను తాకాయి. తప్పు నాదేనన్నాను. ఆయన నవ్వి, సీటు ఎత్తు సరిచేయడానికి పానా తీశాడు.

బృందానికి ఆ మాట ఇవాళ చెబుతున్నాను. ఈ ఆదివారం నంది కొండకు నేనూ వస్తాను.