నిన్నటి అంకె

పెర్సిస్‌కి తెలివి కాస్త ఎక్కువ. చిక్కంతా అక్కడే వచ్చింది లెండి.

రెండువేల ఎనిమిది నాటి మాట. ఏలూరులో చేపల చెరువుల నీళ్లు పరీక్షించే ఒక చిన్న ల్యాబులో ఆమె ప్రోగ్రామరు. పొద్దున్నే ఒకతను మీటరు పట్టుకుని కొల్లేటి చెరువుల వెంట తిరిగి, ఏ నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో ఫోనులో చెప్పేవాడు. ఆ అంకెలు కంప్యూటర్లోకి ఎక్కేవి. రైతు ఫోను చేసి అడిగితే పెర్సిస్ రాసిన ఫంక్షను, అంటే ప్రోగ్రాములో ఒక ముక్క, ఆ చెరువు అంకె వెతికి ఇచ్చేది.

మరి అంకె రాని రోజున ఏమివ్వాలి? ఖాళీ ఇవ్వాలి. ఆమె మొదట అలాగే రాసింది. కానీ కంప్యూటరు లెక్కలో ఖాళీని దేనితో కూడినా ఖాళీయే వస్తుంది. ఒక్కరోజు కొలత తప్పితే వారం లెక్కంతా మాయమయ్యేది. యజమాని రాజేష్ గారు విసుక్కున్నారు.

"తెర మీద ఖాళీ చూసి అంకె లేదని చెబితే రైతులు మనకేం తెలీదనుకుంటారండీ. ఏదో ఒకటి చూపించండి."

తెలియనప్పుడు తెలియదనుకుంటే తప్పేమిటట? ఆ మాట అనడానికి పెర్సిస్‌కి నోరు రాలేదు. ఈరోజు అంకె లేకపోతే నిన్నటిది ఇచ్చేలా ఫంక్షను మార్చేసింది. రాజేష్ గారు భేష్ అన్నారు. ఆమె పొంగిపోయింది కూడానూ!

జూలైలో ముసురు పట్టింది. మబ్బు రోజుల్లో నీళ్లలో గాలి తగ్గి చేపలు చస్తాయని అక్కడ పసిపిల్లలకూ తెలుసు. దారి మునిగి మీటరు మనిషి మండవల్లి వైపు వెళ్లనే లేదు. అక్కడే పెర్సిస్ బాబాయి ఎలీయాజరు చెరువు కౌలుకు చేస్తున్నాడు. చేపల్లోనే తల నెరిసినవాడు. ఒకరోజు పొద్దున్నే ఆయన ఫోను చేశాడు.

"అమ్మా పెర్సీ, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నట్టున్నాయే. ఇంజను వేసి కొత్తనీళ్లు పెట్టించమంటావా?"

ఆమె తెర చూసింది. మంచి అంకే ఉంది, అది ఏ రోజుదో మాత్రం లేదు. "అక్కర్లేదు బాబాయ్. నీళ్లు బాగానే ఉన్నాయండీ."

మధ్యాహ్నానికి చెరువు నిండా చచ్చిన చేపలు తేలాయి.

పెర్సిస్‌కి తిరగేసి చూస్తే తెలిసింది, ఆ అంకె ముందురోజుదని. ప్రార్థనకు మోకాళ్లూనినా ఆ అంకే కళ్లముందు ఆడేది. చెబుదామని ఫోను తీసేది, పెట్టేసేది. ఏమని చెబుతుంది, మెషీను అబద్ధమాడిందనా? ఆడించింది తనే కదా! ఆ పాపిష్టి ఫంక్షనును మళ్లీ ఖాళీ ఇచ్చేలా మార్చి, రాజేష్ గారు కేకలేస్తే పడింది. బాబాయికి మాత్రం చెప్పలేదు. చర్చిలో ఆయన కనబడితే వెనక వరసలోకి తప్పుకుంది.

చివరికి ఉండబట్టలేక మండవల్లి బస్సెక్కింది. ఎలీయాజరు అరుగు మీద ఊరికే కూర్చునున్నాడు.

"ఆరోజు కొలతే లేదు బాబాయ్. ముందురోజుది చూసి చెప్పాను. తప్పంతా నాదేనండీ."

ఆయన చెయ్యి అడ్డంపెట్టుకుని చెరువు దారికేసి చూశాడు. నాలుగు తిడితే బాగుండుననిపించింది ఆమెకు.

"అయితే నా కళ్లు బాగానే ఉన్నాయన్నమాట," అన్నాడు నెమ్మదిగా. "నీళ్లు బాగున్నా చచ్చాయంటే ఏదో తెగులై ఉంటుంది, చూపు మందగించి అది కనిపెట్టలేకపోయాను, ఇక చేపల సంగతి నాకు తెలీదనుకున్నానమ్మా. ఈ మాట నిన్న చెప్పకపోయావా తల్లీ? ఇవాళ పొద్దున్నే కౌలు వదులుకుని, చెరువు ఆసామి క్రీస్తుదాసుకి అప్పజెప్పి వచ్చేశాను."