మిస్సీ అట్టలు వేసిన పుస్తకాలు

మిస్సీ పోయారని సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. మలేషియాలో మా బటాంగ్ బెర్జుంటై వైపు నర్సును మిస్సీ అంటారు. మా క్లినిక్‌లో గర్భిణులను చూసిన మిస్సీ ఆవిడ. నిన్న చర్చిలో ఆవిడ అంత్యక్రియలప్పుడు ఒకాయన లేచి, ఆవిడ నోట పరుషమైన మాటే వినలేదన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ తిట్టేవారు. తిట్టారు గనకే నా కూతురు బతికింది.

నేను ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు చేసేదాన్ని. నిద్ర రాకుండా ఉంటుందని మా ఆయన స్యాబు అనే మత్తుమందు తెచ్చిచ్చాడు. కడుపుతో ఉన్నానని తెలిశాక కూడా మానలేకపోయాను. మీకు కోపం వస్తే రానివ్వండి. ఇది దాచి ఆవిడ గురించి రాయడం నాకు చేతకాదు.

ఏడో నెలలో మిస్సీ టేపుతో నా కడుపు కొలిచి, మళ్ళీ కొలిచారు. పక్కనున్న మా అత్తగారు, "సిన్న పిల్లయితే మంచిదే లా, కానుపు సులువు," అన్నారు. మా ఇళ్ళలో అందరూ అనే మాటే.

"సులువు ఎవులికమ్మా? లోపల బిడ్డ ఎదగడం లేదు," అని మిస్సీ మా అత్తగారిని బయటికి పంపి, తలుపేసి, ఏం వాడుతున్నావని నన్నడిగారు. చెప్పేశాను. క్లినిక్‌లో గర్భిణుల వివరాలు రాసే పుస్తకంలో రాయొద్దని కాళ్ళు పట్టుకున్నాను. బిడ్డను లాక్కుపోతారని భయం.

"రాయకపోతే డాక్టరు ఏటి సూత్తాడు? నీ సిగ్గు తిని బిడ్డ బరువెక్కుతాదేటి?" అని రాసేశారు. ప్రమాదం ఉన్నవాళ్ళకు అంటించే ఎర్ర చీటీ అట్ట మీద అంటించారు.

ఆ చీటీ కనబడితే చాలు, బెంచీ మీద ఆడవాళ్ళు నాకు దూరంగా జరిగేవారు. మరుసటి వారం వెళ్తే మిస్సీ బల్ల మీద పాత క్యాలెండర్లు, కత్తెర. వచ్చినవాళ్ళందరి పుస్తకాలకూ అట్టలు వేస్తున్నారు. ఎవరి చీటీ ఏ రంగో ఇక బయటికి తెలియదు. మత్తుగాళ్ళను వెనకేసుకొస్తోందని ఆవిడ మీద పైవాళ్ళకు ఫిర్యాదు చేసినవాళ్ళే నిన్న పూలదండలు మోసుకొచ్చి ఏడ్చారు.

డాక్టరు నన్ను మత్తుమందు మాన్పించే చోటికి పంపారు. ఒకసారి మళ్ళీ స్యాబు ముట్టాను. మిస్సీ తిట్టి, ఎదురుగా కూర్చోబెట్టి గంజి తాగించారు.

పుట్టినప్పుడు పాప రెండు కిలోలు కూడా లేదు. చూసినవాళ్ళంతా తల్లి పాపం అన్నారు. తెచ్చిచ్చిన చేతిని ఒక్కరూ అడగలేదు. మిస్సీ మాత్రం మా ఆయనను పిలిపించి, బిడ్డను కాటా మీద పెట్టించి అంకె చదవమన్నారు.

"గట్టిగా సదువు. మళ్ళీ సదువు."

మూడోసారి చదివి, ఆయన బిడ్డను ఎత్తుకున్నాడు. "కాటా ముందు ఎవులి పరువూ తూగదు," అన్నారు మిస్సీ.

నిన్న సమాధి దగ్గర ఒకావిడ నా కూతురి గడ్డం పట్టుకుని, "ఇంత సన్నగున్నాదేటి, మీయమ్మ తిండి పెట్టదా?" అంది. నేను అబద్ధం వెతుక్కుంటున్నాను.

"నాను కడుపులో ఉన్నప్పుడు అమ్మ స్యాబు తీసుకున్నాది, ఆంటీ. అందుకే నాను సిన్నగా పుట్టినాను. ఇప్పుడు మానేసినాది," అంది నా కూతురు.

అని, నా చెయ్యి వదలకుండానే వంగి, గుప్పెడు మట్టి తీసి మిస్సీ శవపెట్టె మీద వేసింది.