మూసినా దిగని అంకె

మొన్న ఆళ్లగడ్డ నుంచి ఫోను వచ్చింది, మా తోడల్లుడు పోయాడని. వినగానే ఆయన నాకిచ్చి తప్పిన మాటే గుర్తొచ్చింది. పోయినవాళ్లను పొగడటం మర్యాద. పొగడవలసినంత పొగుడుతాను. ఆ మాట కూడా చెబుతాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు నంద్యాలలో, ఆయనకు ఆళ్లగడ్డలో ఇంటర్నెట్ సెంటర్లు ఉండేవి. నేను ఎమ్మే చదివి, ఇంటినిండా పుస్తకాలు పెట్టుకున్నవాణ్ణి. ఆయన పదో తరగతి. అయినా కంప్యూటర్ మొరాయిస్తే మా ఆవిడ కూడా "మా మరిదినడుగు" అనేది.

మధ్యాహ్నానికల్లా మా కంప్యూటర్లన్నీ ఈడ్చుకుంటూ నడిచేవి. రెండు బ్రౌజర్లలో ఏది ఎక్కువ మెమరీ తింటోందో కొలిచి, హైదరాబాదు నుంచి వచ్చే కంప్యూటర్ మాసపత్రికకు రాద్దామన్నాడు ఆయన.

"ఇద్దరి పేర్లూ ఏద్దాంలే అన్నా. నీ పేరే ముందు."

ముప్పై ఏళ్లుగా పత్రికలకు రాసి, తిరిగొచ్చిన కవర్లు దాచుకున్న మనిషిని నేను. ఆ వేళ టీ నేనే తెప్పించాను.

ఆయన కొలిచే తీరే వేరు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసేవాడు. అవే పది పేజీలు అదే వరసలో తెరిచేవాడు. మెమరీ వాడకం చూపించే టాస్క్ మేనేజర్‌లో అంకె నిలకడకొచ్చేదాకా మౌస్ ముట్టుకోనిచ్చేవాడు కాదు. రాసుకొని, పేజీలన్నీ మూసి, అంకె ఎంత దిగిందో మళ్లీ రాసేవాడు.

"తినేది తప్పు కాదన్నా. తిన్యాక ఇడ్సిపెడతాందా లేదా, అది సూడాల."

అంత సూటి మాట నా పుస్తకాల్లో నాకు దొరకలేదు.

నంద్యాలలో వారంపాటు నేనూ కొలిచాను. నా కాగితాలు చూడటానికి బస్సెక్కి వచ్చాడు. రాగానే ఆయన కళ్లు కంప్యూటర్ తెర అడుగుకు పోయాయి.

"ఈ చాటింగ్ విండో ఎవరిదన్నా?"

"బ్యాంకాయనది. మూయొద్దన్నాడప్పా."

"కొలిసేటప్పుడు గూడా ఉండెనా?"

"కిందికి దించే పెట్టినా."

"దించితే తినకుండా ఉంటాదా? బంతిలో ఒకర్ని తలుపెనక కూసోబెట్టి ఇస్తరాకులు లెక్కేసినావే!"

సెంటర్లో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. మళ్లీ కొలవమన్నాడు. చదువుకున్నవాడికి చెప్పొచ్చావా అన్నాను. కొలవలేదు.

మూడు నెలలకు వ్యాసం అచ్చయింది. ఆయన పేరొక్కటే ఉంది. వెళ్లి నిలదీశాను.

"నీ అంకెలు లేవు గదన్నా. నీ పేరెట్ల రాసేది? అబద్దమైతాది" అన్నాడు. కళ్లు దించుకోలేదు.

మామగారు ఆ పత్రికను వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. మామగారు నిద్రపోతుంటే తీసుకొని రెండుసార్లు చదివాను. ఒక్క తప్పు దొరకలేదు. దొరికితే ఇన్నేళ్లు తేలిగ్గా గడిచేవి.

మొన్న ఆ ఫోను రాగానే ఆళ్లగడ్డ వెళ్లాను. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. గుమ్మం ముందు చెప్పులు రోడ్డుదాకా పరుచుకున్నాయి. వాటిలో నావి వెతుక్కుంటూ చాలాసేపు నిలబడ్డాను. నేనెవరో ఆ గుంపులో ఒక్కరికీ తెలియదు. అచ్చులో ఒక్కసారి పేరు కనబడి ఉంటే తెలిసేది. దానికి ఈనాటికీ నేను తప్పు పట్టేది మా తోడల్లుణ్ణే.