దేవుడి బియ్యం మూటతో రేవు దాటిన రోజు

“బియ్యం పంపితే సరిపోద్దేటండి, అత్తయ్యగారూ?”

“సరిపోకపోతే ఇంకేం పంపమంటావు? నన్ను పంపమంటావా?”

“ఆయ్. అదే అంటన్నానండి. ఓసారి ఎల్లి చూసి రండి. కరుణమ్మగారు లేవలేకపోతంటే ఇక్కడికే తీసుకొచ్చేద్దాం. వసారాలో మంచం పడద్ది.”

“మంచం పడద్ది సరే. ఆ మంచం మీద మనిషికి చేసేదెవరు? నువ్వు తొమ్మిదింటికి జడేసుకుని బడిలో పాఠాలు చెప్పడానికి పోతావు. మీ ఆయన శనివారం వచ్చి సోమవారం పోతాడు. మా అత్తకి ఆరేళ్ళు చేసేను. మీ మామగారికి రెండేళ్ళు చేసేను. ఒక్కళ్ళు వచ్చి ఒక్క పక్కగుడ్డ ఉతికేరా? ఇంక నా వల్ల కాదు సరోజినీ.”

“నేను ఉతుకుతానండి.”

“నువ్వా? నీ చీరలే లాండ్రీకేస్తావు!”

కోడలితో ఈ మాటలు అయ్యేసరికి తెల్లవారి ఐదున్నర. ఆవిడ మొహం ముడుచుకుని దిబ్బరొట్టె ముక్కలు రెండు గుడ్డలో కట్టి ఇచ్చింది. నేను మూట నెత్తిన పెట్టుకుని గుమ్మం దిగాను. వెళ్ళేది బియ్యం ఇచ్చి రావడానికేనని దిగేటప్పుడు ఇంకోసారి గట్టిగా చెప్పాను.

మన స్త్రీల సమాజం వాళ్ళు ఎవరైనా ఆ దారిన వెళ్తే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

కరుణమ్మగారు మా చిన్నప్పుడు మా పేటలో తిరిగిన బైబిలు స్త్రీ. చేతిలో నల్లగొడుగు, చంకలో సంచి. ఇంటింటికీ వెళ్ళి వాక్యం చెప్పేది. వాక్యం చెప్పి ఊరుకునేది కాదు. పురిటి ఇంట్లో నీళ్ళు కాచేది, గజ్జి పట్టిన పిల్లలకు వేపాకు నీళ్ళు పోసేది. నేను బడికి వెళ్ళింది రెండేళ్ళు. మూడో ఏడు మా నాన్న నన్ను గేదెల వెంట పంపేశాడు. ఆ తర్వాత సాయంత్రాలు మా చూరు కింద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది ఈవిడే. పెళ్ళి చేసుకోలేదు. ఓపిక తగ్గాక బోడసకుర్రు అవతల పాలెంలో, చనిపోయిన తమ్ముడి ఇంట్లో ఉంటోంది.

వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక గుప్పెడు వేరే కుండలో వెయ్యడం మన ఇళ్ళలో ఉన్నదే. ఆదివారం ఆ బియ్యం గుడికి తెస్తాం, లేనివాళ్ళకు పంచుతాం. మూడు నెలలుగా అందులోంచి ఒక మూట కరుణమ్మగారికి పంపుతున్నాం. పాస్టరుగారు సైకిలు మీద తీసుకెళ్ళి, గుమ్మంలో ప్రార్థన చేసి, ఇచ్చి వచ్చేవారు. ఆ బియ్యం దగ్గర నేను గట్టిదాన్ని. దేవుడికిచ్చే దాంట్లో రాయి ఉండకూడదు, నూక ఉండకూడదు. నూకలు కలిపి తెచ్చినవాళ్ళను తిప్పి పంపాను కూడా. మూట నేనే కట్టేదాన్ని, దారిలో గింజ రాలకుండా. ఈ నెల పాస్టరుగారికి కామెర్లు వచ్చాయి. మూట మా ఇంట్లో ఉండిపోయింది. పోయినసారి చూసి వచ్చినప్పుడు ఆయన “మనిషి బాగా చిక్కిపోయేరు” అన్న మాట సరోజిని చెవిలో ఉండిపోయింది. అదీ గొడవ.

మా పేట నుంచి రాజోలు బస్టాండు రెండు మైళ్ళు. నడిచాను. ఆరూ ముప్పావుకు పాశర్లపూడి రేవుకు వెళ్ళే ఎర్రబస్సు దొరికింది. చమురు కోసం నేల తవ్వేవాళ్ళ లారీలు తిరిగి తిరిగి రోడ్డంతా గుంటలు. కిటికీ పక్కన కూర్చుంటే మొహం నిండా ఎర్రదుమ్ము. మీరు వెళ్తే నడవా పక్కన కూర్చోండి.

నా పక్కన ఒక పంతులుగారు కూర్చున్నారు. అవతలి ఒడ్డున గృహప్రవేశం చేయించడానికి వెళ్తున్నారట. నా కాళ్ళ మధ్య మూట చూసి అడిగారు.

“బియ్యమాండీ? అమ్మకానికా?”

“కాదండి. గుడిలో ఎత్తిన బియ్యం. మా దేవుడివి.”

“అయ్యయ్యో, మరి కాళ్ళ దగ్గర పెట్టేరేంటండీ? ఇలా ఇవ్వండి.”

ఎంత వద్దన్నా వినకుండా మూట తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నారు. పట్టుపంచె నలిగిపోతుందన్నా వినలేదు. రేవు వచ్చేదాకా పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నారు. నాకు గర్వంగా అనిపించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఎనిమిదింటికి రేవులో దిగాం. రేవులో ఇడ్లీ అమ్ముతారు గాని కొనకండి, పిండి పులిసిపోయి ఉంటుంది. నీళ్ళు పోటు మీద ఉన్నాయి కనుక పంటు ఒడ్డుకే వచ్చింది. రెండు పడవలు జతచేసి పైన పలకలు పరిచినదే పంటు. మనుషులు, సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, ఒక దూడ అన్నీ దానిమీదే. పడవ నడిపే అప్పారావు నా మూట తడి తగలకుండా బస్తాల మీద పెట్టాడు. అతనికీ చెప్పాను, దేవుడి బియ్యమని.

అవతలి ఒడ్డున అల్లవరం బస్సు కోసం ముప్పావుగంట చూశాను. రాలేదు. కాలవగట్టు పట్టుకుని మూడు మైళ్ళు నడిచాను. రెండుచోట్ల కూర్చున్నాను. రెండోచోట లేవడానికి చెట్టు కొమ్మ పట్టుకోవలసి వచ్చింది. మోకాళ్ళు అరవై దాటాక మన మాట వినవు.

పదిన్నరకు ఇల్లు చేరాను. తాటాకు ఇల్లు, ఒకటే గది. కరుణమ్మగారు నులకమంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నారు. చెయ్యి కొబ్బరిమట్ట ఎండినట్టు ఉంది. నా గొంతు విని అటు తిరగకుండానే అన్నారు.

“శాంతమేనా? నన్ను తీసుకెళ్ళడానికొచ్చేవా?”

“కాదమ్మా. బియ్యం ఇవ్వడానికొచ్చేను.”

“మంచిది. అక్కడ పెట్టు, మిగతా వాటి పక్కన.”

గోడవారగా పీట మీద మూడు మూటలు వరసగా ఉన్నాయి. కట్టినవి కట్టినట్టే. నేను వేసిన ముడులు నాకు తెలియవా? మొదటి మూట కింద ముక్కుపురుగులు బారు తీరి గోడ ఎక్కుతున్నాయి.

అప్పుడే పక్కింటి వీరవేణి పళ్ళెంలో అన్నం, చేపల పులుసు పట్టుకుని వచ్చింది. ఆవిడ భర్త వేటకు వెళ్తాడు. నేను పళ్ళెం చూశాను, మూటలు చూశాను.

“ఈ బియ్యం వండలేదేంటమ్మా?”

“ఎలా వండుతారండీ? పొయ్యి దగ్గర కూకుంటే లేవలేరు. చేతులు వణుకుతాయి. ఓపాలి గంజి ఒంపబోయి పాదం కాల్చుకున్నారు. అప్పట్నించీ మా కుండలో ఉడికిందే తెచ్చి పెడతన్నానండి.”

“నువ్వైనా ఇవే వండి పెట్టకపోయావా? మీ బియ్యం ఎందుకు ఖర్చు చేసుకోవడం?”

వీరవేణి చెంపలు వేసుకుంది. “దేవుడి బియ్యం కదండీ! అయ్యగారు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టి మరీ ఇచ్చెళ్ళేరు. మేం మీ మతపోళ్ళం కాదు. నీసు ఉడికే కుండలో మీ దేవుడి బియ్యం ఎలా ఏసేదండి? తప్పు కదండీ.”

నేను కరుణమ్మగారి వైపు తిరిగాను. “మీరు చెప్పొచ్చు కదమ్మా?”

“చెప్పేనే. ముట్టనంది. పోనీ మూట విప్పి నేనే ఓ గుప్పెడు నానబెట్టుకుందామంటే నీ ముడి రాలేదు. అంత గట్టిగా కట్టడం ఎవరు నేర్పేరే నీకు? నేనైతే కాదు.”

“పాస్టరుగారితోనైనా అనాల్సింది.”

“ఏమని? మీ బియ్యం వద్దండి, మనిషిని పంపండి అనమంటావా?”

కొంగు నడుముకు చుట్టి పనిలోకి దిగాను. మూటల ముడులు నా పళ్ళతో విప్పాను. పురుగు బియ్యం చేటలో చెరిగి ఎండలో పోశాను. నూకలు ఉన్నాయా అని వీరవేణిని అడిగి తెచ్చి జావ కాచాను. ఈవిడ నోటికి పట్టేది నూకల జావే. ఆ నూకలనే నేను మూడు నెలలు గుడి గుమ్మంలోంచి తిప్పి పంపాను.

నీళ్ళు కాచి ఒళ్ళు తుడిచాను. పాదం మీద పుండు మానలేదు, వాసన వస్తోంది. నడుం కింద చర్మం ఎర్రగా కమిలింది, ఇంకో పది రోజులైతే పగిలేది. మనిషిని నొప్పి తెలియకుండా ఎలా తిప్పాలో, తడిగుడ్డ ఎలా లాగాలో నేను ఆలోచించనక్కరలేకపోయింది. చేతులకు అంతా గుర్తుంది. అదే నాకు విసుగు పుట్టించింది.

పన్నెండు దాటాక గుమ్మంలో కూర్చుని దిబ్బరొట్టె తిన్నాను. వీరవేణి పక్కన కూర్చుంది.

“రేపు నేను రామచంద్రపురం ఎల్తన్నానండి. మా అమ్మాయికి నెలలు నిండేయి. నెలా, నెలన్నర ఉండాలి. ఈవిడికి ఎవరు పెడతారో తెలవక రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు. మా ఆయన్ని నమ్ముకుంటే ఆయనే తిండి మర్చిపోయే మనిషండి.”

“ఈ పాలెంలో మనవాళ్ళు ఎవరూ లేరా?”

“మీవోళ్ళు ఆదివారం వొస్తారండి. పాట పాడి ఎల్లిపోతారు. మంచి పాటేనండి.”

నేను లోపలికి వెళ్ళి అడిగాను. “వీరవేణి లేకపోతే ఎలాగమ్మా?”

“దేవుడు చూసుకుంటాడులే.”

ఆ మాట నేను ఎంతమంది గుమ్మాల్లో నిలబడి అన్నానో. చెప్పి, గొడుగు వేసుకుని, ఇంటికి వచ్చేసేదాన్ని. మంచం మీదున్న మనిషి నోట వింటే ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. కాసేపు ఆ ఎండబోసిన బియ్యం దగ్గర నిలబడ్డాను. కోళ్ళు వస్తే తోలాను. సరోజిని ముందు ఓడిపోతాననే బెంగ కూడా ఉంది నాకు. అంతకన్నా నా నడుం బెంగ ఎక్కువ. ఇంకెన్నేళ్ళు? ఈవిడది గట్టి ప్రాణం.

లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె దించాను.

“ఏం చేస్తన్నావే?”

“చీర మార్చుకోండి. మా ఇంటికి ఎల్దాం. ఆ పుండు మానేదాకానే.”

“ఆయ్, అలాగేలే,” అన్నారు. నమ్మినట్టు లేదు.

కొత్త మూట వీరవేణి చేతిలో పెట్టాను. ఆవిడ వెనక్కి జరిగింది. “వొద్దండి, దేవుడివి!”

“మరి నువ్వు మూణ్ణెల్లు పెట్టింది ఎవరి బియ్యం? పట్టుకెళ్ళి నీ కుండలోనే వండు. ఎవరైనా అడిగితే శాంతమ్మ చెప్పిందని చెప్పు.”

రెండున్నరకు రిక్షా దొరికింది. కరుణమ్మగారిని నా భుజానికి ఆనించి కూర్చోబెట్టుకున్నాను. బరువు లేదు, ఎముకలు గుచ్చుకుంటున్నాయి. మూడున్నరకు రేవు చేరేసరికి నీళ్ళు పాటు తీశాయి. పంటుకూ ఒడ్డుకూ మధ్య మోకాలి లోతు బురద. సాయంత్రం తిరిగి వచ్చేవాళ్ళు ఇది చూసుకోండి. పోటు లేనప్పుడు ముసలివాళ్ళతో ఆ రేవు దాటడం కష్టం.

అప్పారావు పంటు మీంచి చూసి నవ్వాడు. “ఏటండి మామ్మగారూ, పొద్దున్న బియ్యం పట్టుకెళ్ళేరు, ఇప్పుడు మనిషిని పట్టుకొస్తన్నారు. మార్పిడి బేరమాండి?”

“మూటే తేలిక నాయనా. దిగి సాయం పట్టు.”

దిగి, కరుణమ్మగారిని రెండు చేతులమీదా ఎత్తుకుని బురదలో నడిచాడు. నేను ట్రంకుపెట్టె, ఆవిడ నల్లగొడుగు పట్టుకుని వెనకాల వెళ్ళాను. నా చెప్పొకటి బురదలో ఉండిపోయింది. చెయ్యి పెట్టి వెతికాను గాని దొరకలేదు. పోయిన సంక్రాంతికి కొన్న చెప్పు.

ఐదింటి బస్సులో కాలేజీ అమ్మాయి ఒకతె లేచి సీటు ఇచ్చింది. తాటిపాక దాటేసరికి నేను భయపడింది జరిగింది. కరుణమ్మగారి చీర తడిసి, సీటు తడిసి, కిందికి కారింది. ముందు సీటులో టెర్లిన్ చొక్కా ఆయన ముక్కు మూసుకున్నాడు.

“ఇలాంటోళ్ళని బస్సెందుకెక్కిస్తారండీ?”

“తమరు పుట్టినప్పుడు పొడిగానే ఉన్నారాండీ?” అన్నాను.

కండక్టరు పకపకా నవ్వాడు. నా తువ్వాలుతో సీటు తుడిచాను. కరుణమ్మగారు కళ్ళు మూసుకునే ఉన్నారు గాని పెదవి చివర నవ్వు కనబడింది.

బస్సు గుంటల్లో ఊగుతుంటే ఆ రోజు ప్రయాణం గురించి ఆలోచించాను. పంతులుగారు ఆ బియ్యాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. అప్పారావు తడవకుండా చూశాడు. వీరవేణి ముట్టడానికి భయపడింది. అందరం బియ్యానికి మర్యాద చేశాం. అందరికన్నా ఎక్కువ నేను చేశాను. నాకు సంతోషంగా ఏమీ లేదు. ఒంటి చెప్పుతో కాలు మంటగా ఉంది, నడుం పట్టేసింది. పనికి వెళ్ళినవాడు పని చేసి వచ్చినట్టు ఉంది, అంతే. ఆ దారిన వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. మూట ఇచ్చాక లోపలికి వెళ్ళి పొయ్యి రాజుకుని ఎన్నాళ్ళయిందో చూడండి. ముడి వదులుగా కట్టండి.

రాజోలులో ఇంకో రిక్షా కట్టించుకుని ఏడింటికి ఇల్లు చేరాం. వసారాలో మంచం వేసి, దుప్పటి పరిచి ఉంది.

“ఇదెవరికి వేశావు?”

“మీకేనండి. నడిచి నడిచి వస్తారని,” అంది సరోజిని.

“నా మంచం లోపలుంది కదా.”

“ఆయ్,” అంది. కరుణమ్మగారి రెండో చెయ్యి పట్టుకుంది.

మర్నాడు నాకు మెలకువ వచ్చేసరికి బాగా తెల్లవారింది. పెరట్లో తీగ మీద రెండు పక్కగుడ్డలు, ఒక చీర ఆరేసి ఉన్నాయి, అంచుల్లోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. సరిగ్గా పిండలేదు. సరోజిని జడ వేసుకుని బడికి వెళ్ళిపోయింది. నేను వంటకు బియ్యం తీసి, గుప్పెడు పక్క కుండలో వేశాను. నూకలు కడిగి జావ కాచి, కరుణమ్మగారిని లేపి కూర్చోబెట్టి తాగించాను. సగం తాగి, ఉప్పు తగ్గిందే అన్నారు. లేచి వెళ్ళి ఉప్పు తెచ్చి వేశాను.